ఉత్త చేతుల నడక

చేతిలో సంచీ లేకుండా, క్యారేజీ లేకుండా ఆడమనిషి పొద్దున్నే ఒంటరిగా రోడ్డెక్కితే నందిగామలో ఎవరూ ఊరుకోరు. "ఎక్కడికి టీచరుగారూ?" అని పాలపాకెట్లు అమ్మే రోజారమణి అడగనే అడిగింది. పరిమళ బయల్దేరింది ఉత్త నడకకి. ఎక్కడికీ కాదు మరి. ఆ ముక్క చెప్పడానికి ఎంత సిగ్గేసిందంటే, మర్నాడు ఊరికే ఒక ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని బయల్దేరింది.

నవ్వుకోండి గానీ, బుద్ధెరిగాక ఆవిడ ఉత్త చేతులతో నడిచింది లేదు. బిందె, బియ్యం, చంటిబిడ్డ, బడిలో దిద్దాల్సిన పేపర్లు, ఎప్పుడూ ఏదో ఒకటి మోస్తూనే ఉంది. నడుం నుంచి మడమ దాకా కరెంటు కొట్టినట్టు లాగుతుంటే పొయ్యి దగ్గర ఒంటికాలి మీద నిలబడి వండింది. "నడుంనొప్పి లేని ఆడదాన్ని ఒక్కదాన్ని చూపించు" అనేవాడు మొగుడు డేవిడ్‌రాజు, ఫోన్లోంచి తలెత్తకుండా. "మేం నాట్లేసొచ్చి వండలేదా" అనేది అత్తగారు. బోర్డు దగ్గర కాలు మొద్దుబారి కూలబడ్డాక గానీ బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్లలేదు.

అక్కడ డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుగులో పెట్టి వేలితో చూపించింది. పేర్చినట్టున్న వెన్నుపూసల్లో ఒకటి వరస తప్పి ముందుకి జారి ఉంది. కాలికి పోయే నరాన్ని నొక్కుతున్నది అదే. "దీంతోనే నిలబడి పాఠాలు చెప్పారా అమ్మా?" అని ఆవిడ అడిగితే పరిమళ ఆ జారిన పూసనే చూస్తుండిపోయింది. తన నొప్పి నిజమేనన్నమాట.

ఆపరేషన్‌లో ఆ పూసని వెనక్కి సర్ది, మరలూ కడ్డీలూ బిగించి కింది పూసకి కలిపేశారు. మర్నాడు పట్టుకుని నిలబెడితే కుట్లు మండాయి గానీ కాల్లో ఆ కరెంటు లేదు. గచ్చు చల్లగా తగిలింది. అరికాలికి చల్లదనం తెలిసి ఎన్నాళ్లయిందో. స్తోత్రం ప్రభువా అనుకుంటూ తన పాదాన్ని తనే వింతగా చూసుకుంది. మూడు నెలలు వంగొద్దు, బరువులెత్తొద్దు, రోజూ నడవాలి అన్నారు.

అలా మొదలైందే ఆ పొద్దుటి నడక. కొన్నాళ్లకి ఆ ఖాళీ సంచీ ఇంట్లోనే వదిలేసింది. జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు లారీలు దుమ్ము లేపుకుంటూ వస్తుంటే పక్కన తాపీగా నడిచేది. లోపల ఆ రెండు పూసల మధ్య కొత్త ఎముక అల్లుకుంటోందట. ఎవరూ కేకెయ్యకుండానే, తను నిద్రపోయినా సరే, తనకోసం ఓర్పుగా పనిచేసేది ఒకటి తన ఒంట్లోనే ఉందని తలుచుకుంటే ఒళ్లు పులకరించేది. ఇంట్లో డేవిడ్‌రాజు గొణుక్కుంటూ వండేవాడు. "ఈ మూణ్ణెల్లూ గడిస్తే చాలే అమ్మా" అని తల్లితో అనడం వింది. ఆ రోజు నుంచి గడువు దగ్గరపడుతుంటే పరిమళకి నడక పోతుందని దిగులేసేది.

గడువు రానే వచ్చింది. "ఎముక చక్కగా అతుకుతోంది. పనులు నెమ్మదిగా మొదలెట్టొచ్చు. నడక ఇంక మీ ఇష్టం" అంది డాక్టరమ్మ.

"నడక మానకూడదని మా ఆయనతో ఒక్క మాట చెప్తారా మేడమ్?"

"చెప్తా, పిలవండి."

పరిమళ తలుపు దాకా వెళ్లి ఆగింది. ఎక్స్‌రే కేసి ఒకసారి తిరిగి చూసింది. "వద్దులెండి మేడమ్" అని బయటికొచ్చి తలుపు మూసింది.

డేవిడ్‌రాజు కుర్చీలోంచి లేచాడు. "ఏమన్నారు? ఇంక నడక మానేయొచ్చా?"

"మానేయొచ్చన్నారండి" అంది పరిమళ. "నేను మానను. పొద్దున కుక్కరు మీరే పెట్టండి."