మొదటి అక్షరం అందించినవాళ్లు

పొద్దుటి నుంచి ఆమె ఆఫీసులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి ఏటా ఎలా మారుతుందో చూసే పరిశోధనలో లెక్కల పని ఆమెది. పది మాటలు చదివి వినిపిస్తారు, కాసేపాగి తిరిగి చెప్పమంటారు. వయసుతో పాటు మార్కులు దిగాలి. అందరికీ దిగుతున్నాయి, పరీక్షలు పెట్టే నర్సుల్లో ఒక సిస్టర్ చూసినవాళ్లకు తప్ప. వాళ్లు మాత్రం నిక్షేపంగా ఉన్నారట!

ఎవరి మార్కుల గీత వాళ్లకు విడిగా గీసి, పరీక్ష పెట్టిందెవరన్నది కూడా తన లెక్కల మోడల్‌లో కలిపి చూసింది. గుట్టు రట్టయింది. ఆ సిస్టర్ సెలవు పెట్టిన ఏడాది వాళ్ల మార్కులు ధబేలుమని పడ్డాయి, తిరిగి రాగానే లేచి కూర్చున్నాయి. మతిమరుపు కూడా సిస్టర్ సెలవులు చూసుకునే వస్తుందా?

నవ్వు రాలేదు. ఆమె నాన్నను ఏటా పరీక్షించేది ఆ సిస్టరే. రిపోర్టు బాగుందన్న ధైర్యంతోనే తన పాపను బడి నుంచి కారులో తెచ్చే పని ఆయనకు అప్పగించింది.

గబగబా కింది అంతస్తుకు దిగి సిస్టర్‌నే అడిగేసింది.

"ఏం చెయ్యను మేడమ్? మాట గుర్తురాక బిక్కమొహం వేస్తే చూడలేను. మొదటి అక్షరం అందిస్తాను, అంతే! మిగతాది వాళ్లే చెబుతారుగా."

అంతేనట! ఆమెకు కోపం నషాళానికంటింది. కానీ తిట్టే తీరికేదీ? బడి వదిలే వేళవుతోంది. ఇంటికి పరుగెత్తింది.

నాన్న బూట్లు వేసుకుంటున్నాడు. హమ్మయ్య అనుకుంది.

"నాన్నా, ఒక్క నిమిషం. నేను కొన్ని మాటలు చెబుతాను, విని మళ్లీ చెప్పు."

"ఇప్పుడా? సరే, కానీ."

నాలుగు గడగడా చెప్పాడు. ఐదోది రాలేదు. కూతురి నోటి వంక చూశాడు. అప్పటికే ఆమె పెదవులు ఆ మాట అందించబోతున్నాయి. అన్నం దగ్గర, ఫోన్లో, చుట్టాల ముందు రోజూ తను చేస్తున్నదీ ఇదే. మోడల్‌లో సిస్టర్‌ను పెట్టింది గానీ తనను పెట్టుకోలేదు. పెదవి కొరుక్కుని ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

"అందించవేంటమ్మా?" అన్నాడు నాన్న.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనకు అర్థమైంది. బూట్లు విప్పి, కారు తాళం ఆమె చేతిలో పెట్టాడు.

"పాపనేమీ అనకు. దారిలో ఎక్కడ తిరగాలో రోజూ అదే నాకు చెబుతోంది."