కింది గోడ

"కింది గోడ దెబ్బతింది," అన్నాడు డాక్టరు.

"లేదండీ, ఆ గోడ ఈయన కట్టిందే. ఇంతవరకూ పగులన్నది లేదు," అంది మేస్త్రీ భార్య. ముందున్న 'గుండెకి' అనే మాట స్ట్రెచర్ చప్పుడులో కొట్టుకుపోయింది.

డాక్టరు తన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాక ఆమె స్ట్రెచర్ వెంట పరుగెత్తింది.

రక్తపు గడ్డను కరిగించే మందు ఎక్కుతోంది. మంచం పక్కన తెర మీద గుండె వేగం చూపే పచ్చ అంకె. దాని ఎదురుగా ఆమె బావగారు, మేస్త్రీకి అన్న, కుర్చీ వేసుకున్నాడు. నిరుడు ఆయనకూ గుండెపోటు వచ్చింది. ఆ ఒక్కదానికే సగం వైద్యుడయ్యాడు. రెండోది వస్తే బోర్డు కట్టేవాడే.

"నాకు నూట ముప్పై కొట్టిందమ్మా. అది దిగుతుంటే డాక్టర్లు ఊపిరి పీల్చుకున్నారు. జ్వరంలాగే, దిగితే మంచిది."

అంకె అరవైకి దిగింది. తర్వాత యాభైకి.

"తాపీ మేస్త్రీ కదా, వాడి గుండె కూడా తాపీగానే కొట్టుకుంటుంది."

ఆమె నవ్వబోయింది. అంకె నలభైకి జారింది. భర్త రెప్పలు వాలాయి.

"నిద్రపడుతోంది. లేపకు."

ఆమె అతని నుదురు తుడిచింది. చల్లటి చెమట. "ఏవండీ," అంది. గాఢనిద్రలోనైనా ఆ పిలుపుకు "ఊఁ" అనే మనిషి పలకలేదు.

"నర్సుని పిలుస్తా బావగారూ."

"కుదుటపడ్డవాణ్ణి కెలక్కమ్మా."

కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆయన మాట జవదాటని మనిషి, ఆయన్ని దాటుకుని వెళ్ళి బజర్ నొక్కింది.

నర్సు వచ్చి అంకె చూసి డాక్టర్ని కేకేసింది. సూది పడింది. అంకె మెల్లగా పైకెక్కింది.

"పెరుగుతోందండీ, చూసుకోండి," అన్నాడు బావగారు గాభరాగా.

"పెరగాలనే ఇచ్చాం. మీకు వచ్చింది ముందు గోడకి. అప్పుడు గుండె పరిగెత్తడమే ఎక్కువ, దిగితే మంచిది. ఈయనది కింది గోడ. గుండెకి లయ చెప్పే చోటుకీ ఆ దారినే రక్తం వెళ్తుంది. అది మూసుకుంటే వేగం పడిపోతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఈవిడ పిలవకపోతే..." అన్నాడు డాక్టరు, అంకె వంకే చూస్తూ.

బావగారు లేచి కుర్చీని ఆమెకు జరిపాడు. "నా జబ్బే వాడిక్కూడా అనుకున్నానమ్మా."

ఆమె కూర్చుని, "ఏవండీ," అంది.

"ఊఁ," అన్నాడు మేస్త్రీ.