కరెంటు పోయే తావు

విజయదశమి నాడు నేను కొట్టు తెరిచింది దీపం పెట్టి మూసేద్దామనే. వేలూరు పాత బస్టాండు దగ్గర నాది చిన్న రిపేరు కొట్టు. టీవీలు, టేప్‌రికార్డర్లు, ఈమధ్య కంప్యూటర్లు. అప్పటికి మా ఊళ్ళో లాప్‌టాప్‌లను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో మూడింటిని విప్పిన ధైర్యం నాది.

పదకొండు గంటలకు కాంచన పరుగు మీద వచ్చింది. గుడియాత్తం నేతగాళ్ళ అమ్మాయి. లుంగీల గళ్ళ డిజైన్లు లాప్‌టాప్ మీద వేస్తుంది. వెనకాలే వాళ్ళమ్మ రాజాంబాళ్, చేతిలో బుట్ట.

“అన్నా, పొద్దున్నుంచి ఇది ఆన్ కాలేదు. మొన్న బాగానే ఉన్నింది, నిన్న పూజ అని ముట్టుకోలేదు. లుంగీలు కొనే బెంగుళూరు సేటు కాట్పాడి లాడ్జిలో ఉండాడు, రెండున్నర రైలుకి పోతాడు. దీంట్లో పన్నెండు డిజైన్లు ఉండాయి. ఆయన చూస్తే మా వీధిలో ఆరు మగ్గాలకి ఏడాది పని. లేదంటే దీపావళికే మగ్గాలు ఆపేయాల.”

“కాపీ తీసి పెట్టుకోలేదా?”

నా నోరు ఎప్పుడూ ఇంతే, దెబ్బ తగిలిన చోటే వేలు పెడుతుంది. కాంచన తల దించుకుంది.

బ్యాటరీ చచ్చి ఏడాదయిందట. నడిచేది వైరు మీదే. అడాప్టర్ ప్లగ్గు కొసకు పసుప్పచ్చగా ఏదో అంటుకుని ఉంటే చొక్కాకు తుడిచేసి మీటరు పెట్టాను. పంతొమ్మిది వోల్టులు చూపించింది. అయితే రోగం లోపలే ఉందనుకుని మరలు విప్పడం మొదలుపెట్టాను.

కాంచన కూర్చోదు. కాలుకాలిన పిల్లిలా గుమ్మానికీ గడియారానికీ మధ్య తిరుగుతోంది. ఆమెను చూస్తుంటే నా చేతులు కూడా తొందరపడుతున్నాయి. ఒక మర కిందపడి బల్ల కిందికి దొర్లింది.

“మాయమ్మే ఏందో చేసింటాదన్నా,” అంది ఉన్నట్టుండి. “నాయన పోయినాక ఆయన మగ్గం తీసేసి, దాని కింది గుంట పూడ్చి, ఆ జాగాలో దీనికి బల్ల వేసినా. ఆ పొద్దు నుంచి దీన్ని చూస్తే మొగం తిప్పుకుంటాది.”

రాజాంబాళ్ బుట్టలో ఏదో సర్దుకుంటోంది. నిజం చెప్పొద్దూ, నేనూ ఆ పిల్ల మాటే నమ్మాను.

బోర్డు బయటికి తీశాను. కాలిన వాసన లేదు, తెగిన తీగ లేదు. ఒంటిగంట దాటింది. ఏం తోచక మీటరు అందుకోబోతే, నిన్న పూజకి మా ఆవిడ దాని మీద పెట్టిన గంధం బొట్టు వేలికి తగిలి పెచ్చుగా ఊడింది. పొద్దున చొక్కాకు తుడిచిన రంగే. టార్చి వేసి, వైరు గుచ్చే రంధ్రంలోకి చూశాను. లోపలి పుల్ల చుట్టూ గంధం ఎండి గట్టిగా పేరుకుని ఉంది, అంచున కాస్త కుంకుమ. మొట్టమొదట చూడాల్సిన చోటు అది. రెండు గంటలు తగలేశాను.

“ఇది ఎవరు పెట్టినారు?” అన్నాను.

కాంచన వంగి చూసింది. “అమ్మా!” ఆ అరుపుకు పక్క కొట్టువాళ్ళు తొంగి చూశారు.

రాజాంబాళ్ బుట్టను ఒళ్ళోకి లాక్కుంది. “నేనే నాయనా. నిన్న ఆయుధపూజ గదా. మిగిలిన మగ్గానికి పెట్టినా, నూలు అటూ ఇటూ ఆడించే నాడెకి పెట్టినా, కత్తెరకి పెట్టినా. ఇది ఒకటి ఊరికే ఉన్నింది. మూడేండ్లుగా మాకు కూడు పెడతా ఉండేది ఇదే గదా, దీనికి మాత్రం పెట్టకపోతే పాపమనిపించింది. అద్దం మీద పెడితే అద్దం చెడతాది. అక్షరాల మీద పెడితే బిడ్డ పనికి అడ్డం. కరెంటు పోయే తావు మంచిదనుకున్నా. గంధం కొంచం పల్చనైపోయింది.”

కాంచన కళ్ళు నీళ్ళతో నిండాయి. మూడేళ్ళుగా ఆ పిల్ల ఎదురుచూసింది ఈ బొట్టు కోసమేనని నాకప్పుడు అర్థమైంది.

దూదిని స్పిరిట్‌లో ముంచి, సూదితో గీకి గీకి తుడిచాను. గబగబా బిగిస్తే రెండు మరలు మిగిలిపోయాయి. మిగిలితే మిగిలాయి. వైరు గుచ్చి బటన్ నొక్కాను. ఫ్యాను తిరిగింది. కాసేపటికి తెర మీద ఎరుపూ నీలం గళ్ళు పరుచుకున్నాయి.

ఒకటీ నలభై. నేనే రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఆపాను. కాంచన లాప్‌టాప్‌ను ఒక చేత్తో, వాళ్ళమ్మను ఇంకో చేత్తో పట్టుకుని ఎక్కింది.

ఇంటికి పోకుండా కొట్లోనే కూర్చున్నాను. కుదురు లేదు. సాయంత్రం పక్క ఎస్టీడీ బూతుకు ఫోన్ వచ్చిందంటే పరిగెత్తాను.

“అన్నా, ఎనిమిది డిజైన్లు తీసుకున్నాడు! ఆరు మగ్గాలకీ పని వచ్చింది. ఉండు, మాయమ్మ ఏందో అడగాలంట.”

కాసేపు గాజుల చప్పుడు. తర్వాత రాజాంబాళ్ గొంతు, రహస్యంలా:

“నాయనా, ఎండు కుంకుమైతే ఏమీ కాదు గదా?”

నేను జవాబు చెప్పేలోపే వెనక నుంచి కాంచన మాట వినపడింది.

“ఆయన్ని ఎందుకడుగుతావు? యాడ పెట్టాలో నేను చూపిస్తా, రామ్మా.”