వకాల్తా వాపస్

చౌటుప్పల్ దిక్కు అరెకరం చెల్క. అండాలుకు, ఆమె పెనిమిటి మారయ్యకు ఉన్నదంత గదే. పక్కన వెంచర్ వేసినోళ్లు హద్దురాయి పీకి చెల్క నడిమిట్ల పాతిన్రు. పైంగ అండాలే కబ్జా పెట్టిందని కోర్టుల కేసేసిన్రు! సిగ్గుండాలె మనుషులకు.

పేషీకి వారం ముందు అండాలు తన వకీలు దివాకర్ దగ్గరికి వోయింది.

"సారూ, వాళ్లు తెచ్చుకున్న సర్వేయర్‌ను రాయి కింద తవ్వినవా అని అడుగు. మా మామ పాతినప్పుడు కింద బొగ్గులు పోసిండు. రాయిని జరిపిన్రు గని బొగ్గులు ఆడనే ఉంటయి."

దివాకర్ పకపక నవ్విండు. "కోర్టుల బొగ్గుల ముచ్చట చెప్తే నా ఇజ్జత్ పోతది. కొంత ఇడిసిపెట్టి రాజీ పడమ్మా."

అండాలుకు ఒళ్లు మండింది. "ఇడిసిపెట్టనీకి అది నీ చెల్కనా? నా వకాల్తా నాకియ్యి సారూ. నా కేసు నేనే చెప్పుకుంట."

ఇంటికొచ్చి చెప్తే మారయ్య గుండె జారిపోయింది. "పాగలైనవానే? ఓడితే మనకు నిలవడనీకి జాగుండదు!"

"ఆయనతోని వోతే ఓడకముందే ఇచ్చుడాయె" అన్నది అండాలు. భయం లేదా అంటే, ఎందుకు లేదు? వారం దినాలు బుక్క దిగలే.

పేషీనాడు జడ్జి మేడం అడిగింది. "వకీలు లేకుంటె కష్టమమ్మా. సర్కారు వకీలును ఇప్పియ్యాల్నా?"

"వద్దు మేడం. వకీలు అడగనన్న మాటనే నేను అడగాలె."

సర్వేయర్ బోనుల నిలవడి ముసిముసి నవ్వుతుండు. అండాలు బోను ముంగటికి వోయి అడిగింది.

"మీ బాపు ఎవుసం చేస్తడా బిడ్డా?"

"ఆఁ, చేస్తడు."

"చెల్కల హద్దురాయి పాతితే కింద ఏం పోస్తడు?"

"బొగ్గులు" అన్నడు టక్కున. అన్నంక నాలిక కరుసుకున్నడు.

అవతలి వకీలు దిగ్గున లేసిండు. మేడం ఆయన్ని కూసోమని, ఆ జవాబు రాపిచ్చింది.

"నువ్వు కొలిచిన రాయి కింద చూసినవా మరి?"

సర్వేయర్ తల దించిండు. "చూడలే."

"కోర్టు తరఫున కమిషనర్‌ను పంపుత. ఇప్పుడు రాయి ఉన్నకాడ, పాత హద్దుకాడ తవ్వి చూస్తరు" అన్నది మేడం. "ఇంకేమన్న అడుగుతవామ్మా?"

"అడిగేదేం లేదు మేడం. గడ్డపార వట్టుకొని రమ్మనుండ్రి. యాడ తవ్వాలెనో నేను చూపెడత."