వంటావిడకు తోచిన వరస

ఆదివారం పదకొండింటికి నేను మా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. వారానికి సరిపడా ఆరు. మూడో చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరిస్తుండగా రేడియోలో ఆ సంగీతం మొదలైంది. మొదట చాలాసేపు ఏమీ వినపడలేదు. రేడియో పాడైందేమోనని దగ్గరికెళ్లి చెవి పెట్టాను. లోపలెక్కడో సెల్లోలనే పెద్ద వయొలిన్లు ఒకే స్వరం మీద, నిద్రలో మనిషి ఊపిరి తీస్తున్నట్టు మోగుతున్నాయి.

నేను పనిచేసేది ఆ రేడియో స్టేషన్‌లోనే కాబట్టి ఈ ప్రసారం గురించి నెల రోజులుగా వింటున్నాను. కొండ మీద ఒంటరిగా బతికి, యాభై ఏళ్ల కిందట పోయిన ఒక స్వరకర్త ఆఖరి రచన అది. డెబ్బై మంది కలిసి వాయించాలి. "నేను రాయడం లేదు, ఎవరో వాయిస్తుంటే విని దించుకుంటున్నాను" అనేవాడట ఆయన. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవాళ్లు. రచన పూర్తి కాకుండానే పోయాడు. మా వాద్యబృందం దాన్ని ఇంకెవరిచేతా పూర్తి చేయించకుండా, ఆయన కలం ఆగిన చోటే ఆపి వాయించాలనుకుంది.

ఐదో చొక్కా దగ్గర మా ఆయన వచ్చాడు. "ఏంటీ ఏడుపు? ఎవరు పోయారు?" అంటూ స్టేషన్ మార్చేశాడు. ఆట స్కోరు వచ్చింది. చెయ్యి ఇంకా మీట మీదే ఉంచి, "నువ్వేం వినట్లేదుగా?" అన్నాడు.

"లేదండీ" అన్నాను.

పద్నాలుగేళ్ల కాపురంలో ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేస్తుందంటే, అది అబద్ధమని నాకే ఒక చొక్కా ఆలస్యంగా తెలిసింది. మా అత్తగారు వరండాలో కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంది. ఆవిడా ఏమీ అనలేదు.

మా స్టేషన్‌లో శ్రోతల ఉత్తరాల విభాగం అంటే నేనే. ఒక బల్ల, ఒక కుర్చీ, కిటికీ పక్కన ఒక బీరువా. నెలకోసారి అరగంట కార్యక్రమం ఉంటుంది. వచ్చిన ఉత్తరాలన్నీ నేను చదివి, ఏరి, మధ్యలో అతికే వాక్యాలు రాసిస్తాను. మా ప్రోగ్రాం ఆఫీసరు చదువుతారు. ఆయన్ని అందరం సారు అంటాం. గొంతు బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. "మీ మనసు ఎంత మెత్తనిదో మీ మాటల్లో తెలుస్తోంది" అని ఒకసారి ఎవరో రాస్తే, ఆ ఉత్తరం నాకే చదివి వినిపించి, "చక్కగా ఒక జవాబు రాసి పెట్టమ్మా" అన్నారు. రాసి పెట్టాను. వాళ్లు పొగిడిన వాక్యం నాదేనని జవాబులో ఎక్కడ ఇరికించను?

మామూలుగా నెలకి అరవై ఉత్తరాలు వచ్చేవి. ఆ సంగీతం ప్రసారమయ్యాక పది రోజుల్లో మూడువందల పన్నెండు వచ్చాయి. తపాలా శాఖలో రిటైరైన ఒకాయన, "చివర్లో మీ యంత్రం చెడిపోయింది. అది తెలియక నేను మా రేడియోని ఇరవై నిమిషాలు కొట్టాను" అని కోప్పడ్డాడు. సంగీత కళాశాల ఆచార్యుడొకాయన ఆ రచన ఎలా ముగిసి ఉండేదో లెక్కలు కట్టి ఆరు పేజీలు నింపాడు. చూపులేని పియానో మరమ్మతుదారు ఒకాయన, "పదిహేడో నిమిషంలో ఒక వయొలిన్ తీగ కాస్త దిగింది. దేవుడు కూడా అలిసిపోతాడన్నమాట అనుకున్నాను" అని ఎవరిచేతో రాయించాడు. ఒక బస్సు డ్రైవరు డిపోలో కూర్చుని విన్నాడట. "అందరూ ఆగిపోయి ఫ్లూట్ ఒక్కటే మిగిలినప్పుడు, ఆఖరి ప్రయాణికుడు దిగాక ఖాళీ బస్సు తోలుకెళ్తున్నట్టుంది. కానీ దిగులుగా లేదండి" అన్నాడు.

ఆడవాళ్ల ఉత్తరాలు వేరేగా ఉన్నాయి. చాలామంది విన్నదాని గురించి కాకుండా వినలేకపోయినదాని గురించి రాశారు. పాప లేచింది, చుట్టాలొచ్చారు, పాలు పొంగాయి. ఒకావిడ రేడియోని స్నానాలగదిలోకి తీసుకెళ్లి, కుళాయి తిప్పి పెట్టి విందట. "నేను స్నానం చేస్తున్నాననుకున్నారు మా వాళ్లు. ఫ్లూట్ ఆగిపోగానే కుళాయి కూడా కట్టేశాను. మా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు తెలీదు." ఆ ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివాను. ముందూ వెనకా ఎరగని వాళ్లు నాకు ఆ సంగీతాన్ని ముక్కలు ముక్కలుగా తెచ్చిస్తున్నారు. ఉత్తరాలు చదివి కట్టలు కడుతున్న మనిషి మాత్రం దాన్ని ఐదో చొక్కా దాకానే విన్నది.

"ఈ ఇంటి గోలలన్నీ పక్కన పెట్టమ్మా. సంగీతం గురించి రాసినవి చాలు" అన్నారు సారు.

"ఇవీ సంగీతం గురించేనండీ."

"కుళాయి గురించి" అని నవ్వారు.

ఆ మధ్యాహ్నమే బడి పిల్లల రూళ్ల కాగితం మీద పెన్సిల్‌తో రాసిన ఉత్తరం వచ్చింది.

"అయ్యా, నేను ఆ పెద్దాయన ఇంట్లో నాలుగేళ్లు వంట చేశాను. అప్పుడు నాకు ఇరవై రెండు. పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేయాలి, గదిలోకి వెళ్లకూడదు. గోడకి ఇవతల గిన్నెలు తోముకుంటూ అంతా విన్నాను. పియానో మీద ఒక్కో ముక్కా వందసార్లు వాయించేవారు. ఆఖరి వారంలో ఒక పొద్దున తలుపు తీసి నన్ను పిలిచారు. ఒక ముక్క వాయించి, ఇక్కడిదాకా వినపడింది, తర్వాత వినపడటం లేదు, నీకేమైనా వినపడుతోందా అని అడిగారు. నాకు వినపడింది. గిన్నెల దగ్గర రోజూ ఆ ముక్క తర్వాత నాకు తోచిన వరస కూనిరాగం తీసుకునేదాన్ని. కానీ నాకేం తెలుసండీ అని వచ్చేశాను. నాలుగో రోజున ఆయన పోయారు. మొన్న మీ రేడియోలో సరిగ్గా అక్కడే ఆగింది. మిగతాది ఇన్నేళ్లూ నా దగ్గరే ఉంది. ఎవరికీ చెప్పలేదు."

కింద ఒక ఫోన్ నంబరు ఉంది.

సారు రెండు వాక్యాలు చదివి కాగితం బుట్టలో పడేశారు. "వంటావిడ కూడా స్వరకర్తే అయిపోయింది!" అన్నారు. నేను నవ్వాను. పైవాళ్లు నవ్వితే నవ్వడం అలవాటు. నవ్వుకుంటూనే నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. నేను ఎవర్ని చూసి నవ్వాను? ఆయన భోజనానికి వెళ్లగానే బుట్టలోంచి కాగితం తీసి, అంటిన టీ మరకని కొంగుతో అద్దాను.

తిన్నగా టేపుల గదికి వెళ్లాను. అక్కడుండే ఆవిడని టేపులక్క అంటాం, స్టేషన్‌లో అందరికంటే పాతమనిషి. "మూడొందల ఉత్తరాలు చదివి ఇంకా వినలేదా?" అని బుగ్గలు నొక్కుకుంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, తలుపు గడియ పెట్టింది.

నలభై ఒక్క నిమిషాలు. పెళ్లయ్యాక నేను అంతసేపు కదలకుండా కూర్చున్నది పళ్ల డాక్టరు దగ్గరే, అప్పుడూ నోరు నా చేతిలో లేదు. మొదటి పది నిమిషాలు నా ఒళ్లు నన్ను నమ్మలేదు. ఎవరో పిలుస్తున్నట్టు, ఏదో మాడుతున్నట్టు, చెయ్యాల్సిందేదో చెయ్యకుండా వచ్చేసినట్టు కాళ్లు లేవబోతూనే ఉన్నాయి. తర్వాత ఆ సెల్లోల మీదికి వయొలిన్లు మెట్టు మెట్టుగా ఎక్కాయి, ఇత్తడి వాద్యాలు వాటిని భుజాల మీదికి ఎత్తుకున్నాయి, అంత పెద్ద ధ్వని మధ్య నాకు చిత్రంగా నా ఊపిరి వినపడింది. ఎవరికీ ఏమీ కానక్కర్లేకుండా, భార్యా కోడలూ గుమాస్తా ఏదీ కాకుండా, ఊరికే ఊపిరి తీస్తున్న ఒక మనిషి. నేను ఇక్కడే ఉన్నానన్నమాట అనుకున్నాను. ఒక్కో వాద్యమే తప్పుకుని ఫ్లూట్ మిగిలింది. నాలుగు స్వరాలు పైకెక్కి, ఐదోది అందకుండానే ఆగిపోయింది.

హెడ్‌ఫోన్లు తీశాక టేపులక్క చెప్పింది: "మీ ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు, గ్యాసు పుస్తకం ఎక్కడుందని. వింటోంది, తర్వాత చెయ్యండి అన్నా. వినడం కూడా పనేనా అన్నాడు. మాకిక్కడ అదే పని బాబూ అన్నా."

ఉత్తరం కింద ఉన్న నంబరుకి ఫోన్ చేసి, శనివారం మధ్యాహ్నం వంటావిడ ఇంటికి వెళ్లాను. మూడో అంతస్తులో కూతురింట్లో ఉంటోంది. డెబ్బై దాటిన మనిషి, చిన్న జడ, ఒళ్లో పళ్లెం, బఠానీలు ఒలుస్తోంది.

"రేడియో సారు రాలేదా?"

"ఉత్తరాలు చదివేది నేనేనమ్మా."

"అయితే సారువి నువ్వేగా" అంది.

ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగాను. భయమా?

"భయం కాదమ్మా. ఆయన కేకలేసే మనిషి కాదు. నన్ను అడుగుతున్నారంటే నమ్మలేదు. వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను." బఠానీ తొక్క పక్కన పడేసింది. "ఎవరూ లేరు. అయినా చెప్పలేదు."

తర్వాత పళ్లెం కింద పెట్టి, కళ్లు మూసుకుని పాడింది. గొంతు వణికింది, స్వరం మాత్రం తప్పలేదు. నలభై ఒక్క నిమిషాలు ఆ సంగీతం ఎక్కుతూనే ఉందిగా, ఆవిడ వరస దిగింది. తొందరపడకుండా, పైన చూసింది చూసి, ఇంటి మనుషుల్లోకి నడిచి వచ్చినట్టు ఒక్కో మెట్టూ దిగి నేల మీద నిలబడింది. వంటింట్లోంచి కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అదేంటమ్మా, నువ్వు రోజూ పాడుకునేదేగా?" అంది.

సోమవారం ఆ ఉత్తరంతో, కుళాయి ఉత్తరంతో స్క్రిప్టు రాసిచ్చాను. సారు రెండింటి మీదా ఎర్ర పెన్సిల్ అడ్డంగా గీసేశారు.

"అయితే ఈసారి మీరు రాసుకోండి సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏంటమ్మా?"

"తొమ్మిదేళ్లుగా నేను రాస్తున్నాను, మీరు చదువుతున్నారు. ఆ రెండు ఉత్తరాలూ ఉండాలి. అవి నేనే చదువుతాను. ఆవిడొచ్చి ఆ వరస పాడుతుంది. కుదరదంటే ఇవిగో ఉత్తరాలు, ఇవిగో తెల్ల కాగితాలు."

"ఇంట్లో ఏమైనా గొడవా?" అని అడిగారు నిజమైన జాలితో.

"ఇంట్లో ఇంకా మొదలవలేదండీ."

కట్టలన్నీ ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఉద్యోగం పోతుందా, బదిలీ చేస్తారా, ఇంట్లో ఏం చెప్పాలి, ఇవన్నీ ఆ సాయంత్రం నాతోపాటే బస్సెక్కాయి.

ఇంట్లో చెప్పగానే మా ఆయన చెయ్యి ముద్ద దగ్గరే ఆగింది. "నీ గొంతు రేడియోలోనా? మా ఆఫీసులో అందరూ వింటారు. ఏదైనా తడబడితే?"

"తడబడతానేమో."

"ఎందుకొచ్చిన గోల? ఆ ముసలావిడెవరో, నువ్వెవరో."

మా అత్తగారు అప్పుడు అంది, "ఆ రోజు నేనూ వింటున్నానురా. నువ్వు మార్చేశావు." మా ఆయన తల్లి వైపు వింతగా చూశాడు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాక నేను మెల్లగా అడిగాను, "ఆ రోజే అనొచ్చుగా అత్తయ్యా?"

"నువ్వంటావేమోనని చూశానే" అంది. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకరికోసం ఒకరం ఎదురుచూస్తూ నోళ్లు కుట్టేసుకుని కూర్చున్నామన్నమాట.

మూడు రోజులు సారు నా వైపు చూడలేదు. ఆయన గదిలో కాగితాలు ఉండ చుట్టే చప్పుడు మాత్రం వినిపించేది. గురువారం ఆయనే నా బల్ల దగ్గరికి వచ్చారు. మూడువందల పన్నెండు ఉత్తరాల్లో ఏది ఎక్కడుందో, ఏ మాట పక్కన ఏ మాట పెట్టాలో ఆయనకి అంతుపట్టలేదు. "ఎనిమిది నిమిషాలిస్తాను. మిగతాది నేనే చదువుతాను" అన్నారు. ఎనిమిది చాలన్నాను.

రికార్డింగు రోజున వంటావిడ తెల్లచీర కట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. సంగతి తెలిసి వాద్యబృందం నాయకుడు కూడా వచ్చి అద్దానికి అవతల నిలబడ్డాడు. నేను కుళాయి ఉత్తరం చదివాను. మొదటి వాక్యంలో నిజంగానే తడబడ్డాను. రెండో వాక్యానికి, ఆ స్నానాలగది నాకు తెలిసిన గదే అనిపించి గొంతు నిలబడింది. తర్వాత పెన్సిల్ ఉత్తరం చదివి, మైకు ఆవిడ ముందుకి జరిపాను. ఆవిడ పాడింది.

అయ్యాక నాయకుడు లోపలికి వచ్చి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, చాలా బాగుంది. కానీ దీన్ని మేం రచనకి కలపలేం. ఆయన రాసింది కాదు కదా" అన్నాడు, నొచ్చుకుంటూ.

"కలపమని రాలేదు బాబూ" అంది ఆవిడ. "అడిగినదానికి జవాబు చెప్పడానికొచ్చాను."

ప్రసారమైన సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి చాలాసేపు పేపరు తిరగేశాడు. చివరికి, "మా మేనేజరు అడిగాడు, ఆ చదివినావిడ ఎవరని" అన్నాడు.

"మీరేమన్నారు?"

"మా ఆవిడే అన్నాను." పేపరు అడ్డం పెట్టుకున్నాడు గానీ, ఆ మాట అన్నప్పుడు గొంతులో కాస్త గర్వం ఉంది. ఒక్క సాయంత్రానికి అంతకుమించి నేనూ ఆశించలేదు.

వారం తిరిగేసరికి ఉత్తరాలు మొదలయ్యాయి. కొన్నిటి మీద "ఉత్తరాలు చదివిన ఆవిడకి" అని ఉంది. మొదటిది బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టే అమ్మాయిది. "ఆ వంటావిడ పాట అయిపోయాక దాని వెంట నాకు ఇంకోటి తోచింది. మిషను దగ్గర పాడుకుంటున్నాను. మంచిదో కాదో తెలీదు. ఎవరికి చెప్పాలో కూడా తెలీదు" అని రాసి, కింద చిరునామా రాసింది.

సారు నా భుజం మీదుగా చూసి, "మామూలు కృతజ్ఞతల కార్డు పంపించెయ్యమ్మా" అన్నారు.

నేను ఒక తెల్ల కాగితం తీసుకుని, "నాకు చెప్పండి. శనివారం మధ్యాహ్నం వస్తాను" అని రాశాను.