నాలుగు వందల గింజలు, ఏరకుండా

బయాలజీ డిగ్రీకి దరఖాస్తు పెట్టాలంటే స్కూలు చివరి ఏడాదిలో బయాలజీ, కెమిస్ట్రీలతో పాటు ఇంకో సబ్జెక్టు కూడా చదివి ఉండాలి. అదేదో ఫారంలో రాసి, ఇంట్లో పెద్దవాళ్ళ సంతకంతో శుక్రవారం లోపల ఇవ్వాలి. ఇచ్చాక మార్చడం కుదరదు. ఉన్న సంగతి ఇంతే. దీనికే పిచ్చుక ఇంట్లో మూడు వారాలుగా పంచాయితీ నడుస్తోంది.

పిచ్చుక అంటే ఆ ఇంటి పిల్ల. చిన్నప్పుడు నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది కాబట్టి మేనమామ ఆ పేరు పెట్టాడు. పదిహేడేళ్ళొచ్చినా పేరూ మారలేదు, తిండీ మారలేదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, సలహాలు మాత్రం అడక్కుండానే వడ్డిస్తారు. మేనమామ ఫిజిక్స్ తీసుకోమన్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. లోకంలో ప్రతి దానికీ మూలం ఫిజిక్సేనని ఆయన నమ్మకం, లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయినప్పుడు మరీను. పక్కింటావిడ కంప్యూటర్ అంది. ఎందుకని అడిగితే, అందరూ అదే తీసుకుంటున్నారంది. బయాలజీ టీచరు ఒక్కతే పనికొచ్చే మాట చెప్పింది. "సీటిచ్చేవాళ్ళు మూడింట్లో మొత్తం ఎంతొచ్చిందో చూస్తారు. మూడోది ఏదైనా ఒకటే. నీకు బాగా వచ్చేది తీసుకో."

బాగా వచ్చేదంటే డ్రాయింగ్. అందులో పిచ్చుకకు తిరుగులేదు. సీతాకోకచిలుకను వేస్తే రెక్క మీది పొడి వేలికి అంటుతుందేమో అనిపిస్తుంది. లెక్కల సంగతి ఎత్తకపోవడమే మర్యాద. పదో తరగతిలో ముప్ఫై ఆరు మార్కులతో గట్టెక్కింది, అదీ ఒడ్డు పట్టుకుని. కాబట్టి డ్రాయింగేనని తల్లి తేల్చేసింది. తండ్రి లారీ మీద వారంలో ఆరు రోజులు బయటే ఉంటాడు. ఇంట్లో సంతకాలన్నీ తల్లివే.

ఆ సంతకానికి బయట కూడా విలువుంది. ఆమె విత్తన పరీక్ష కేంద్రంలో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. అమ్మకానికి వెళ్ళే ప్రతి రకం విత్తనంలోంచి కాస్త సంచిలో ఇక్కడికి వస్తుంది. దాన్ని పళ్ళెంలో పోసి సగం చేయాలి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేయాలి. చివరికి మిగిలిన చిన్న కుప్పలోంచి, ఒక అంచు నుంచి మొదలుపెట్టి, చేతికి ఏది వస్తే అది, వరసగా నాలుగు వందల గింజలు తీయాలి. వాటిని తడి కాగితాల్లో చుట్టి వెచ్చటి గదిలో ఎనిమిది రోజులు పెడితే, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి రాయడమే తరువాయి. కింద ఆమె సంతకం. ఆ సంతకం చూసే ఎక్కడో ఎవరో గింజలు కొని నేలలో వేస్తారు.

పని ముమ్మరంగా ఉండే రోజుల్లో పిచ్చుక స్కూలు వదలగానే అక్కడికి వచ్చేది. బల్ల చివర కూర్చుని గింజల బొమ్మలు వేసుకునేది. అలా ఒక మంగళవారం, సంచులు గుట్టపడి ఉన్నాయి. తల్లి నడుము పట్టేసి ఒంగలేకపోతోంది. పిచ్చుక పట్టకారు అందుకుని, "ఈ ఒక్క సంచీ నేను తీస్తాను, నువ్వు కాసేపు వెనక్కి వాలు" అంది. దోస గింజల సంచి అది. పద్ధతి పిల్లకు తెలుసు, వందసార్లు చూసింది. బయటివాళ్ళు గింజ ముట్టకూడదన్న నియమం తల్లికీ తెలుసు. కూతురు బయటిదెలా అవుతుందని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఎనిమిదో రోజు, అంటే ఫారం గడువుకు రెండు రోజుల ముందు, తల్లి కాగితాలు విప్పి లెక్క చూసింది. నూటికి తొంభై ఏడు. చక్కటి విత్తనం అనుకుని సంతకం పెట్టింది.

కేంద్రాన్ని నడిపే పెద్ద మేడమ్‌కు ఒక అలవాటుంది. వచ్చిన సంచుల్లో పదింటికి ఒకటి తను కూడా అదే రోజు విడిగా పరీక్షకు పెడుతుంది. ఈసారి ఆ వంతు దోస గింజలకు వచ్చింది. ఆవిడ లెక్క ఎనభై ఒకటి.

"ఒకటీ రెండూ తేడా ఉంటే పట్టించుకోను. పదహారు ఏంటమ్మా?" అంది పెద్ద మేడమ్. కోపంగా కాదు. కోప్పడినా బాగుండేదని తల్లికి అనిపించింది.

ఆమె తడి చూసింది, వేడి చూసింది, కాగితాల పెట్టె మార్చి చూసింది. పద్దెనిమిదేళ్ళలో ఒక్క మాట పడని మనిషి, దొంగతనం అంటగట్టినట్టు ముఖం మాడ్చుకుని తిరిగింది. తన సంతకం అబద్ధం చెప్పిందన్న బాధ ఆమెను పొద్దున్నించీ తినేస్తోంది. సాయంత్రం పిచ్చుక వచ్చి సంగతి విన్నది. పళ్ళెంలో మిగిలిన గింజల వైపు ఒంగి చూసింది.

"నేనేనమ్మా" అంది చివరికి.

"నువ్వేం చేశావు? వరసగానే తీశావు కదా?"

"వరసగానే మొదలుపెట్టాను. మధ్యమధ్యలో తాలు గింజలొస్తే చెయ్యి వాటిని దాటి పక్కదాని మీదికి పోయింది. కావాలని కాదు. బాగున్నవి తీయాలనిపించింది."

తల్లి పిల్లను తిట్టలేదు. తిట్టడానికి నోరెక్కడిది, పట్టకారు పట్టనిచ్చింది తనైతే. నేరుగా పెద్ద మేడమ్ గదికి వెళ్ళి, గింజలు తీసింది తన కూతురని, తను చూడకుండా సంతకం పెట్టానని చెప్పేసింది. పిచ్చుక గుమ్మం దగ్గరే నిలబడింది.

పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "కాగితం ఇంకా బయటికి పోలేదు, బతికిపోయాం. మళ్ళీ పరీక్ష పెట్టు. ఇంకోసారి ఇలా జరిగితే నేను రాతపూర్వకంగా అడగాల్సి వస్తుంది." తర్వాత గుమ్మం వైపు చూసింది. "దొంగ చేతిని పట్టుకోవడం తేలికే పిల్లా. ఇష్టమున్న చెయ్యే ప్రమాదం. దానికి తను తప్పు చేస్తున్నట్టే తెలీదు."

"మరి తెలుసుకోవడం ఎలాగండీ? పదహారు తేడా అయితే తప్పు, రెండైతే కాదని మీకెలా తెలుసు?"

"దానికి పెద్ద లెక్కే ఉంది. స్టాటిస్టిక్స్ అంటారు. పాఠం చెప్పేంత తీరిక నాకు లేదు" అని ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది.

ఇద్దరూ ఇంటికి చేరారు. చెప్పులు విప్పుతూ పిచ్చుక అంది, "అమ్మా, నేను స్టాటిస్టిక్స్ తీసుకుంటాను."

తల్లికి ఒళ్ళు మండింది. అసలే గోరుచుట్టు, ఆపైన రోకటిపోటు. "పొద్దున్నించీ నేను పడ్డది చాలదా? ముప్ఫై ఆరు మార్కుల మొహానికి లెక్కలా? డ్రాయింగ్‌లో తొంభై వచ్చేచోట ఇందులో యాభై వస్తే గొప్ప. ఆ నలభైతోనే సీటు పోతుంది."

"తెలుసు."

"తెలిసే అంటున్నావా?"

పిచ్చుక తన బొమ్మల పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. ఒక్కో పేజీ తిప్పింది. సీతాకోకచిలుకలు, ఆకులు, తూనీగలు. "చూడు. చిరిగిన రెక్క ఒక్కటుందా? పురుగు తిన్న ఆకు ఒక్కటుందా? మన వీధిలో చెట్లకు పురుగు తినని ఆకు వెతికినా దొరకదమ్మా. నేను వెతికి మరీ వేశాను. నాకు బయాలజీ వచ్చనుకున్నాను. నాకొచ్చింది బాగున్నవాటిని ఏరడం."

తల్లి పేజీలు వెనక్కి తిప్పి చూసింది. పుస్తకం మూసి పక్కన పెట్టింది. "సీటు రాకపోతే?"

"వచ్చే ఏడాది మళ్ళీ పెడతాను."

"నోటితో అనడానికేం, బాగానే ఉంటుంది."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. కడిగిన గ్లాసులనే మళ్ళీ కడిగింది. ఆమెకు భయంగా ఉంది. సీటు గురించి కాదు, సీట్లు వస్తాయి, పోతాయి. నోటీసు బోర్డు ముందు నిలబడి పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ తన పేరు వెతుక్కునే పిల్ల ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆ ముఖం తన కూతురికి రాకూడదు. అంతే ఆమె భయం. ఆ మాట పైకి చెప్పకుండా డ్రాయింగ్, డ్రాయింగ్ అంటూ వచ్చింది.

చేతులు తుడుచుకుంటూ తిరిగి వచ్చి కూర్చుంది. "అమ్మమ్మకు జబ్బు చేసి నా చదువు ఆగిపోయిందని చెప్పాను కదా నీకు."

"ఊఁ."

"జబ్బు నిజమే. అయితే అది ఆ మరుసటి ఏడు. నేను లెక్కల్లో తప్పాను. రెండుసార్లు. మూడోసారి కట్టడానికి ధైర్యం చాల్లేదు." బొమ్మల పుస్తకం మీద చెయ్యి పెట్టింది. "నేనూ నీకు ఏరే చెప్పాను."

పిచ్చుక తల్లి వైపు జరిగి కూర్చుంది.

"ఎన్నొచ్చాయి?"

"మొదటిసారి పంతొమ్మిది."

"రెండోసారి?"

"పదిహేడు."

పిచ్చుక పెదవులు బిగబట్టింది గానీ లాభం లేకపోయింది. "తగ్గాయా?" అని నవ్వేసింది. ఇరవై రెండేళ్ళుగా కట్టుకున్నవాడికి కూడా చెప్పని సంగతి విని కూతురు అలా నవ్వితే ఎవరికైనా కోపం రావాలి. తల్లికి రాలేదు. ఆమెకూ నవ్వొచ్చింది, దాని వెనకే కన్నీళ్ళొచ్చాయి, రెండూ కలిసి కాసేపు ఆగలేదు.

"అయితే నేనే నయం" అంది పిచ్చుక, తల్లి చెయ్యి పట్టుకుని.

"నయమే. తప్పినా మళ్ళీ కట్టు. నాలాగా మానేయకు."

పిచ్చుక ఫారం తీసి, ఖాళీ గడిని అలాగే వదిలేసి, కింద వేలు పెట్టి చూపించింది. "నువ్వు సంతకం పెట్టెయ్. నేను రేపు స్కూల్లో రాసుకుంటాను."

"ముందు నువ్వు రాయి" అంది తల్లి. "ఈసారి చూసే పెడతాను."

పిచ్చుక రాసింది. తల్లి పిల్ల భుజం మీదుగా ఒంగి, చివరి అక్షరం దాకా చూసి, కలం అందుకుని సంతకం పెట్టింది.