నడుస్తోందిగా

"నడుస్తోందిగా" అన్నాడు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

మెకానిక్ రాసిచ్చిన కాగితం పట్టుకుని ఆయన ముందు నిలబడి ఉన్నాను. మాది లాండ్రీ. రెండు లాడ్జిలకీ ఒక నర్సింగ్‌హోమ్‌కీ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికిస్తాం. మురికి మూటలు తేవడం, ఉతికినవి దించి రావడం మా పికప్ బండి పని. దానికిప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆరేళ్ళ కిందట ఆయనకి నడుం పట్టేసింది. అప్పటినుంచీ బండి నేనే తీస్తున్నాను, ఆయన కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాడు. తాళాలు మొదటిసారి నా చేతికొచ్చిన రోజున మా అత్తగారు "జాగ్రత్త, వాడు ముచ్చటపడి కొనుక్కున్న బండి" అన్నారు. నేను జాగ్రత్త అని కాదు, బండి జాగ్రత్త అని.

నడుస్తోందిగా అన్నది మా ఇంట్లో అన్ని రోగాలకీ ఒకటే మాత్ర. కుళాయి కారుతోందంటే "నీళ్ళొస్తున్నాయిగా" అంటాడు. మూటలెత్తీ ఎత్తీ కుడి భుజం పట్టేసిందంటే "చెయ్యి లేస్తోందిగా" అంటాడు. బండిలో ఏదైనా చప్పుడు వస్తోందంటే చెయ్యి చాపి రేడియో పెంచుతాడు. చెడ్డవాడు కాదు. చప్పుడు వినపడకపోతే లేదనుకునే రకం, అంతే.

"అయినా ఆయిల్ మార్పించు, చాలు" అన్నాడు పేజీ తిప్పుతూ. మూడు నెలలకోసారి ఆయిల్ మార్పించడం ఆయనకి మొక్కు లాంటిది. పోయిన నెలే మార్పించామన్న సంగతి గుర్తు లేదు.

మెకానిక్ మాత్రం తొమ్మిది పనులు రాశాడు, బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, నిలబడే. రాసి, "సార్‌ని అడిగి చెప్పండమ్మా, ఏది చెయ్యమంటే అది చేస్తాను" అన్నాడు. రోజుకి నలభై కిలోమీటర్లు ఆ బండి నడిపేది నేను. వాళ్ళిద్దరి మధ్యా పోస్ట్‌మ్యాన్‌ని కూడా నేనే.

మధ్యాహ్నం మిషన్లు తిరుగుతుంటే వెనక పెరట్లోకి వెళ్ళి బండెక్కి కూర్చున్నాను. డాష్‌బోర్డు అరలో బండితో పాటు ఇచ్చిన పుస్తకం ఉంది, ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే. పంతొమ్మిదేళ్ళలో ఎవరూ విప్పలేదు. పెన్సిల్ తీసుకుని, ఒళ్ళో కాగితం పెట్టుకుని, చదవడం మొదలుపెట్టాను. పరీక్షకి కూర్చున్నట్టు కాస్త భయం, చాలా హుషారు. ఇంజిన్ లోపల కడగడం గురించి పుస్తకంలో ఒక్క ముక్క లేదు, కొట్టేశాను. ట్యాంకులో పోసే మందు, కొట్టేశాను. బాడీకి పాలిష్, ఈ వయసులో దానికెందుకు, కొట్టేశాను. మా ఆయన మొక్కు కూడా కొట్టేశాను. టైమింగ్ బెల్ట్ తెగేదాకా ఏ హెచ్చరికా ఇవ్వదట, తెగితే ఇంజిన్‌నే పాడు చేస్తుందట. అది ఎప్పుడు మార్చామో నాకు తెలియదు, అసలు మార్చామో లేదో తెలియదు. టిక్కు పెట్టాను. ఎయిర్ ఫిల్టర్‌కి ఇంకా గడువుందని పుస్తకం అంటోంది. కానీ మా బండి నిలబడేది దుప్పట్లు ఆరబెట్టే మిషన్ గొట్టం పక్కన అని ఆ రాసినవాడికేం తెలుసు? దిగి, మూత విప్పి చూస్తే లోపల నూలు నూగు మెత్తగా పరుపులా పేరుకుని ఉంది. పుస్తకానికీ మెకానిక్‌కీ తెలియని సంగతి ఒకటి నాకు తెలుసని ఎంత గర్వమేసిందో. ఆ టిక్కు కొంచెం పెద్దదిగా పెట్టాను.

తర్వాత లైట్ల పేజీ వచ్చింది. బొమ్మలో హెచ్చరిక లైట్లు వరసగా ఐదు. తలెత్తి చూస్తే మా బండికి నాలుగే. ఐదోది ఉండాల్సిన చోట చిన్న నల్ల టేపు ముక్క. అక్కడేదో పగిలిందని ఏడాదిగా అనుకుంటున్నాను. గోటితో పీకాను. ఇంజిన్ వేశాను. ఎర్రగా వెలిగింది, హ్యాండ్‌బ్రేక్ దించినా ఆరలేదు. బ్రేక్ ఆయిల్ తగ్గినా ఆ లైటు వెలుగుతుందనీ, వెలిగితే బండి కదిలించవద్దనీ పుస్తకంలో ఉంది.

లోపలికి వెళ్ళి అడిగాను, ఆ టేపు మీరు అంటించారా అని.

"పోయినేడు నీకు జ్వరమొస్తే మూడ్రోజులు నేను తీశాను చూడు, అప్పుడు. ఎర్రగా కళ్ళల్లో పడుతుంటే చికాకేసింది."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పేంత ఏముంది."

ఏడాదిగా బ్రేకు ఇంకా ఇంకా లోపలికి దిగుతోంది. దానికి తగ్గట్టు నా కాలు ఇంకా ముందే, ఇంకా గట్టిగా నొక్కడం నేర్చుకుంది. సర్దుకుపోవడం అంటే ఇదే. నర్సింగ్‌హోమ్ ముందు వాలు ఉంది, చేతికర్రల వాళ్ళు అక్కడే రోడ్డు దాటుతారు. ఆ వాలు గుర్తొచ్చింది. వెంటనే మెకానిక్‌కి ఫోన్ చేశాను, బండి కదిలించను, నువ్వే వచ్చి లాక్కెళ్ళు అని. లాడ్జిలకీ నర్సింగ్‌హోమ్‌కీ చేసి, రెండ్రోజులు మీ మూటలు మీరే పంపించి తీసుకెళ్ళండి అన్నాను. "అలాగే మేడమ్" అన్నారు, అంతే. ఇన్నేళ్ళలో నేనే ఒక్కసారీ అడగలేదని అప్పుడు తెలిసింది. కాగితంలో బ్రేకులు చేర్చి టిక్కు పెట్టాను. ఇంకా చోటుంటే దాని కింద ఇంకొకటి రాసి, దానికీ టిక్కు పెట్టాను. మనసు తేలికపడింది.

మర్నాడు పొద్దున్నే మెకానిక్ వచ్చాడు. కౌంటర్ ముందు నిలబడి కాగితం చదివాడు.

"ఫిల్టర్ కూడా చూశారా అమ్మా? సరే, బెల్టు, బ్రేకులు... ఈ భుజం ఏమిటి? ఈ బండికి అలాంటిదేం లేదే."

"అది నీ పని కాదులే బాబూ, డాక్టరు పని. నాది. ఈ రెండ్రోజుల్లో చూపించుకుంటాను."

అతను నవ్వాడు. తాళాలు చాపాను. అందుకోకుండా, అలవాటు కొద్దీ మా ఆయన వైపు చూశాడు. "సార్ ఏమన్నారమ్మా?"

"సార్‌ని అడగలేదు."

మా ఆయన పేపరు దించాడు. కోపం లేదు ఆ మొహంలో, నిజంగానే అర్థం కానట్టుంది. "ఉన్నట్టుండి ఇవన్నీ ఎందుకు? ఇన్నేళ్ళూ బాగానే నడిచిందిగా."

"నడవలేదండీ" అన్నాను, తాళాలు మెకానిక్ చేతిలో పెడుతూ. "నేను నడిపాను."